నల్లగొండ, పాలమూరు ఎండల్లో ఫెర్న్‌లు: నీడ ఒక్కటే సరిపోదు

చలి దేశాలవాళ్లు ఏడాదంతా పచ్చగా ఉండే ఫెర్న్ అన్నారంటే మంచు పడే నెలల్లో కూడా ఆకు నిలుపుకునేది అని అర్థం. మనకు ఆ లెక్క పనికిరాదు. నల్లగొండలో గానీ పాలమూరులో గానీ డిసెంబరు చలికి ఏ ఫెర్నూ చావదు. మార్చి చివర్లో మొదలై మృగశిర కార్తె దాకా నడిచే రెండున్నర నెలలే ఇక్కడ పరీక్ష. రోహిణి కార్తె దాటేనాటికి ఆకు పచ్చగా మిగిలిన ఫెర్నే మనకు ఏడాదంతా పచ్చగా ఉండే ఫెర్న్.

చాలామంది ఫెర్న్‌కు నీడ కావాలని విని, ఇంటి వెనకాల చీకటి మూలన పెట్టి, రోజూ బోరు నీళ్లు పోస్తారు. ఏప్రిల్ కల్లా ఎండిన కట్ట మిగులుతుంది. ‘ఈ మొక్కలు మన దగ్గర బతకవు’ అని తేల్చేస్తారు. బతుకుతాయి. ఆ మొక్కను చంపింది ఎండ కాదు. పొడి గాలి సగం చంపితే బోరు నీళ్లలోని ఉప్పు మిగతా సగం చంపింది.

నల్లమలలోకి వెళ్లి చూస్తే ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. రాళ్ల సందుల్లో పెరిగే మయూరశిఖ ఎండకాలంలో ఎండుగడ్డి పోచల్లా ముడుచుకుపోయి, వాన పడగానే మళ్లీ నెమలి పింఛంలా విచ్చుకుంటుంది. హంసపాది వానల్లో మొలిచి, వేసవి వచ్చేసరికి పైన ఆకంతా పోయి నేలలో కొమ్ము (పసుపు కొమ్ములాంటి కాండం) మాత్రం మిగులుతుంది. రెండూ ఈ నేలకు పుట్టిన మొక్కలే, అయినా ఎండకాలం ఆకు నిలుపుకోలేవు. అదే పాత మోటబావి లోపలి గోడ చూడండి. డంగు సున్నం రాళ్ల మధ్య, నీళ్లు ఊరేచోట, మే నెలలో కూడా ఫెర్న్ ఆకులు పచ్చగా వేలాడుతుంటాయి. బావిలో వెలుతురు పైనుంచి దిగుతుంది, వడగాలి తగలదు, గోడ తడి ఆరదు, ఆ తడి ఆవిరై చుట్టూ చల్లబరుస్తుంది. ఇంటి తోటలో మనం కట్టుకోవాల్సింది ఆ బావి గోడనే.

అన్నట్టు, అడవి నుంచి ఫెర్న్‌లు తవ్వి తెచ్చుకోకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మొక్క పీకడం చట్టరీత్యా నేరం. పైగా పైన చెప్పినట్టు వాటిలో చాలావరకు వేసవిలో ఎండేవే.

ఇక చోటు సంగతి. ఇంటికి ఉత్తరం వైపు పెట్టమని అందరూ చెప్తారు. అక్టోబరు నుంచి మార్చి మధ్య దాకా ఆ మాట నిజమే, ఉత్తరపు గోడకు ఎండ పొడ తగలదు. కానీ మనం ఉన్నది 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. మే రెండో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఉత్తరానికి ఒరిగే ఉంటాడు. జూన్ 21 ప్రాంతంలో పొద్దు గుంకేది సూటిగా పడమరన కాదు, పడమరకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా. అంటే చలికాలమంతా హాయిగా ఉన్న ఉత్తరపు గోడ మీదికి, సరిగ్గా వేడి ముదిరిన నెలల్లో, సాయంత్రం 4 నుంచి 6 దాకా ఎండ ఏటవాలుగా పడుతుంది. ఉన్నట్టుండి ఒకవైపు ఆకులు మాడిపోయాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

దీనికి విరుగుడు నిలువు తెర. గోడకు పడమటి అంచున, గోడ నుంచి ఉత్తరానికి 4 అడుగులు పొడుచుకు వచ్చేలా, 6 అడుగుల ఎత్తున 75 శాతం షేడ్ నెట్ కట్టండి. ఈ తెర ఎండనే కాదు, పడమటి వడగాలిని కూడా ఆపుతుంది. తడకలు దొరికితే ఇంకా మేలు, నెట్‌లా వేడెక్కవు. పైకప్పుగా కూడా నెట్ వేస్తుంటే మొక్కల మీద ఆనించకుండా కనీసం 7 అడుగుల ఎత్తులో కట్టి, ఒకవైపు తెరిచి ఉంచండి. లేకపోతే వేడి కిందే నిలిచిపోతుంది. చలికాలానికి 75 శాతం నెట్ ఎక్కువ. నవంబరులో తీసేసి 50 శాతంది వేయండి, లేదా అసలు వేయకండి.

నీడ అంటే చీకటి కాదు. మధ్యాహ్నం మొక్క పక్కన తెల్లకాగితం పెట్టి, దాని మీద జానెడు ఎత్తున చెయ్యి చాపండి. నీడ మసకగా, అంచులు కలిసిపోయినట్టు పడితే సరైన చోటు. అంచులు గీత గీసినట్టుంటే ఎండ ఎక్కువ. నీడే పడకపోతే ఆ చోట ఫెర్న్ సన్నగా, పొడుగ్గా సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య ఎడం పెరిగి వాలిపోతుంది.

పడమటి ఎండ తగిలే గోడలు రాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి, కుండీని వాటికి ఆనించకుండా అడుగున్నర దూరం జరపండి. తాండూరు బండల వాకిలి కూడా అంతే. కుండీని బండ మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టి, సాయంత్రం బండను తడపండి.

చెట్టు కింద పెట్టాలనుకుంటే సపోటా, మామిడి నీడ నమ్మదగ్గది, ఏడాదంతా నిలుస్తుంది. వేప నీడ చల్లనిదే గానీ ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాల్చి సమయానికి మోసం చేస్తుంది. కానుగ కూడా ఆ నెలల్లోనే ఆకు మారుస్తుంది. ఏ చెట్టు కిందైనా ఫెర్న్‌ను నేలలో మాత్రం నాటకండి, చెట్టు వేళ్లు తడి మొత్తం లాగేస్తాయి. కుండీని సగం దాకా నేలలో పాతి పెట్టండి. రెండు నెలలకోసారి కుండీని ఒక చుట్టు తిప్పితే అడుగు రంధ్రంలోంచి చెట్టు వేరు లోపలికి దూరదు.

ఇప్పుడు నీళ్లు. నాలుగు పైసలు ఎక్కువైనా ముందు నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు కొనండి, పెన్నులా ఉండి కొన్ని వందలకే దొరుకుతుంది. నీళ్లు 300 లోపు చూపిస్తే ఏ ఫెర్న్‌కైనా నిశ్చింతగా పోయొచ్చు. 300 నుంచి 800 మధ్య ఉంటే గట్టి రకాలే పెట్టుకుని, నెలకోసారి మట్టి కడగాలి. 800 దాటితే ఆ నీళ్లు ఒంటరిగా పోయొద్దు, మంచినీళ్లతో సగానికి సగం కలపాలి.

ఉప్పు చేసే నష్టం ఒక్కరోజులో కనపడదు. ఏప్రిల్‌లో కుండీలోంచి రోజూ లీటరు నీళ్లు ఆవిరైపోతాయి, నీళ్లతో వచ్చిన ఉప్పు మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది. రెండు నెలల్లో కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతుంది, ఆకు కొనలు గోధుమరంగుకు తిరుగుతాయి. అది చూసి నీళ్లు చాలట్లేదనుకుని ఇంకా పోస్తారు, ఉప్పు ఇంకా చేరుతుంది. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా మొక్కలకు ఆ ఫ్లోరైడే కొనలు మాడుస్తుంది. ఫెర్న్ విషయంలో మాత్రం మొత్తం ఉప్పు ఎంతన్నదే ముందు చూసుకోవాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తేర్చే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. అది తాగునీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పుట్టిన పద్ధతి, ఉప్పును తీసెయ్యదు. కాబట్టి ఫెర్న్ కోసం ఆ శ్రమ వద్దు.

ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు అసలు పోయొద్దు. ఉన్న ఉప్పంతా చిక్కబడి ఆ గొట్టంలోంచే వస్తుంది. వృథా పోతున్నాయన్న బాధతో మొక్కలకు మళ్లించడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది, ఫెర్న్‌కు అది విషమే. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు దానికి పూర్తిగా ఉల్టా, గాలిలోని తేమ చల్లబడి నీళ్లుగా మారి వచ్చినవి కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. బకెట్ పెట్టి పట్టుకోండి. నల్లా నీళ్లు, అంటే మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు, మామూలుగా బోరు నీళ్లకంటే తేలిక. మీటరు పెట్టి చూసి పోయండి.

అన్నిటికంటే మంచివి వాన నీళ్లు. చదరపు మీటరు స్లాబు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 20 చదరపు మీటర్ల స్లాబు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 500 లీటర్లు, పోయింది పోగా 400 చేతికొస్తాయి. పది కుండీలకు రోజుకు లీటరు చొప్పున ఏప్రిల్, మే రెండు నెలలకు కావాల్సింది 600 లీటర్లు. బోరు నీళ్లతో సగం కలుపుకుంటే 300 చాలు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు రెండు సెప్టెంబరు వానలకు నింపి, మూత బిగించి, నీడన పెట్టుకుంటే వేసవి గట్టెక్కుతుంది. తొలి వాన మొదటి పది నిమిషాల నీళ్లు వదిలేయండి, స్లాబు మీది దుమ్మంతా అందులోనే వస్తుంది. దోమలు దూరకుండా మూత కింద సన్నని గుడ్డ కట్టండి.

మట్టి కడగడం ఇలా: 8 లీటర్ల మట్టి పట్టే కుండీకి 16 లీటర్ల మంచినీళ్లు, అరగంట పాటు కొద్దికొద్దిగా పోస్తూ, అడుగు రంధ్రంలోంచి ధారగా కారనివ్వాలి. కింద పళ్లెం ఉంటే తీసేయాలి, లేకపోతే కడిగిన ఉప్పు మళ్లీ పైకి లాగుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నెలకోసారి ఇది చేయండి. వానకాలంలో కుండీని ఒక గట్టి వానలో పెడితే ఆ పని వానే చేస్తుంది.

మట్టి మిశ్రమం ఎంత తేలికగా ఉంటే అంత మంచిది, కానీ తడి పట్టాలి. మన చల్క నేల నీళ్లు జారవిడుస్తుంది. రేగడి అయితే వానలో బురదై వేళ్లు కుళ్లుతాయి, ఎండలో పగిలి వేళ్లు తెగుతాయి. కుండీకి కోకోపీట్ 3 పాళ్లు, బాగా మాగిన ఆకు ఎరువు 3 పాళ్లు, జల్లించిన ఎర్రమట్టి 2 పాళ్లు, వర్మీకంపోస్టు 1 పాలు, బొగ్గు ముక్కలు లేదా చిన్న ఇటుక ముక్కలు 1 పాలు కలపండి. 10 లీటర్ల మిశ్రమానికి 50 గ్రాముల వేప పిండి వేయండి. కోకోపీట్‌ను తెచ్చింది తెచ్చినట్టు వాడొద్దు, కొబ్బరి పీచులో ఉప్పుంటుంది. 650 గ్రాముల ఇటుకను 4 లీటర్ల నీళ్లలో నానబెడితే ఉబ్బి 8, 9 లీటర్లవుతుంది. దాన్ని గుడ్డలో మూటకట్టి పిండి, మళ్లీ నానబెట్టి, మీటరు పెట్టి చూడండి. పిండిన నీళ్లు మీరు పోసిన నీళ్లకు దగ్గరగా చూపించేదాకా, మామూలుగా మూడుసార్లు, ఇలా చేయాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే కొత్తగా నాటిన మొక్కలు నెలలోపు కొనలు మాడ్చుకుంటాయి.

కుండీకి రంజన్ (నీళ్లు చల్లగా ఉంచే మట్టి కుండ) సూత్రం వాడుకోండి. మొక్క ఉన్న 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీని 12 అంగుళాల మట్టి కుండీలో దించి, మధ్య ఖాళీలో ఇసుక నింపి, ఆ ఇసుకను రోజూ తడపండి. మట్టి కుండీ గోడలోంచి తడి ఆవిరై లోపలి వేళ్లను చల్లగా ఉంచుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఇది అంత బాగా పనిచేస్తుంది, కాబట్టి మన దగ్గరే దీనికి ఎక్కువ ఫలితం. బయటి ఇసుకకు బోరు నీళ్లయినా ఫరవాలేదు. ఉత్త మట్టి కుండీలో నాటితే మాత్రం మే నెలలో రెండు పూటలా నీళ్లు పోసినా చాలవు.

రకాల్లో మొదటిసారి పెట్టేవాళ్లకు నెఫ్రోలెపిస్ కార్డిఫోలియా. నర్సరీలో ఉత్త ఫెర్న్ అనో స్వోర్డ్ ఫెర్న్ అనో ఇస్తారు, ఆకు నిటారుగా చేప ముల్లులా ఉంటుంది. దీని వేళ్లకు గుండ్రటి చిన్న దుంపలుంటాయి, అవి నీళ్లు దాచుకునే సంచులు. పురుగు పట్టిందనుకుని తెంపి పారేయకండి. ఒకటి రెండు రోజులు నీళ్లు తప్పినా ఇది నిలవడానికి ఆ దుంపలే కారణం. బోస్టన్ ఫెర్న్ దీని దాయాదే, ఆకు మెత్తగా వాలుతూ అందంగా ఉంటుంది గానీ గాలికి తట్టుకోదు. వేలాడే కుండీలో అయితే అన్నివైపుల నుంచీ గాలి తగిలి ఇంకా త్వరగా ఎండుతుంది, వేసవిలో కిందికి దించాల్సిందే. మందపాటి మెరిసే ఆకుండే మైక్రోసోరమ్ మనకు చాలా అనువైనది, దీని గురించి పట్టించుకునేవాళ్లే తక్కువ. పక్షిగూడు ఫెర్న్ మంచినీళ్లుంటేనే పెట్టండి. నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే చిగురు కుళ్లుతుంది, అంచున పోయాలి.

నీళ్లలో సున్నం ఎక్కువుండి ఉప్పదనం తక్కువుంటే టెరిస్ విట్టాటా పెట్టుకోవచ్చు. పాత గోడల సున్నంలో తనంతట తాను మొలిచేది ఇదే. సన్నని నల్లటి కాడల ఆడియాంటం జాతిలో కేపిల్లస్ వెనెరిస్ అనే రకానికి కూడా సున్నం ఇష్టమే, కానీ ఒక్క పూట మట్టి ఆరినా ఆకంతా ముడుచుకుపోతుంది. తీరిక లేనివాళ్లకు వద్దు. ఆస్పరాగస్ ఫెర్న్ పేరుకే ఫెర్న్, అది శతావరి చుట్టం. అసలు ఫెర్న్‌ల్లా కాకుండా పూస్తుంది, కాస్తుంది, ముళ్లుంటాయి. నీళ్లు మరీ చెడ్డగా ఉన్న ఇంట్లో ఆ రూపు కోసం దాన్నే పెట్టుకోవడం తెలివైన పని.

నాటే సమయం మృగశిర నుంచి జూలై చివరి దాకా. ఫిబ్రవరి తర్వాత కొనకండి, ఎంత చవకగా ఇచ్చినా. కడియం లాంటి చోట్ల గోదావరి గాలి తేమలో, నెట్ కింద పెరిగిన మొక్క లారీ దిగి మన గాలిలోకి వస్తే బిత్తరపోతుంది. తెచ్చిన వెంటనే కుండీ మార్చకుండా పది పదిహేను రోజులు గాలి తగలని చోట అలాగే ఉంచండి. ఒకటి రెండు ఆకులు పండినా కంగారుపడొద్దు, కొత్త చిగురు చుట్టలు పైకి లేస్తే మొక్క కుదురుకుందని గుర్తు. అప్పుడు మార్చండి. ముద్దకట్టిన వేళ్లను చేత్తో వదులు చేసి, మొక్క పాత కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి. చిగురు మొలిచే మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. పాకే కొమ్ములున్న మైక్రోసోరమ్, డవాలియా రకాల్లో కొమ్మును మట్టి మీద పరిచి రెండు రాళ్లతో నొక్కి పెట్టాలి, పూడ్చకూడదు.

నేలలో నాటితే చల్కలో అడుగున్నర లోతు తవ్వి పై మిశ్రమం సగం, తవ్విన మట్టి సగం నింపండి. రేగడిలో తవ్వకండి, నేల మీదే 9 అంగుళాల ఎత్తు మడి కట్టండి. నెఫ్రోలెపిస్‌కు మొక్కకూ మొక్కకూ అడుగున్నర చాలు, ఏడాదిలో కలిసిపోతాయి. పైన రెండు అంగుళాల ఆకు కప్పాలి. కానీ ఎర్ర నేలల్లో ఎండుటాకు పరిస్తే చెదలను పిలిచినట్టే, సగం మాగిన ఆకు ఎరువే పరిచి, చదరపు మీటరుకు 100 గ్రాముల వేప పిండి చల్లండి.

వేసవిలో నీళ్లు తెల్లవారుజామున పోయాలి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చితే చల్లగా తగలాలి, చేతికి బురద అంటకూడదు. ఆకుల మీద నీళ్లు చిలకరించడం మనసుకు తృప్తే గానీ మన మే నెల గాలిలో ఆ తడి పది నిమిషాలు నిలవదు. పైగా బోరు నీళ్ల తెల్ల మచ్చలు ఆకు మీద మిగులుతాయి. దానికి బదులు కుండీలన్నీ గుంపుగా జరిపి, మధ్యలో నేల తడిపి, పడమటి తెరకు గోనెసంచులు కట్టి మధ్యాహ్నం తడపండి. కూలర్ గడ్డి చేసే పని ఆ గోనె చేస్తుంది.

ఎరువు తక్కువైనా ఫెర్న్ ఓర్చుకుంటుంది, ఎక్కువైతే కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరుకు ఒక గ్రాము చొప్పున 20 రోజులకోసారి, తడి మట్టిలో పోయండి. లేదా కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు రెండు నెలలకోసారి. పచ్చి పేడ వద్దు. మార్చి నుంచి వాన పడేదాకా ఏదీ వేయొద్దు. కొత్త ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఎరువు లోపం కాదు, సున్నపు నీళ్ల వల్ల ఇనుము అందట్లేదు. చీలేటెడ్ ఐరన్ లీటరుకు అర గ్రాము చొప్పున సాయంత్రం పిచికారీ చేయండి. పోసే నీళ్లలో 10 లీటర్లకు 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపితే సున్నం ప్రభావం కొంత తగ్గుతుంది, ఉప్పదనం మాత్రం తగ్గదు.

ఆకు అడుగున వరుసగా, ఒకే ఎడంలో గోధుమరంగు చుక్కలు కనిపిస్తే మందు కొట్టకండి. అవి సిద్ధబీజాల గుంపులు, మొక్క ఆరోగ్యంగా ఉందని గుర్తు. వరుస లేకుండా కాడల మీద అంటుకుని, గోటితో గీకితే ఊడివచ్చేవి పొలుసు పురుగులు. దూది లాంటి పిండినల్లి ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటే తుడవండి. వేప నూనె మామూలుగా లీటరుకు 5 మిల్లీలీటర్లు కొడతారు, ఫెర్న్ ఆకు దానికి మాడుతుంది. 2 మిల్లీలీటర్లు చాలు, అదీ ఒక ఆకు మీద కొట్టి మూడు రోజులు చూశాకే మిగతావాటికి.

ఇంత చేసినా ఊరెళ్లినప్పుడో, కరెంటు లేక మోటారు ఆగినప్పుడో మే నెలలో మొక్క ఎండిపోవచ్చు. పారేయకండి. నెఫ్రోలెపిస్, ఆడియాంటం అయితే ఎండిన ఆకంతా మట్టికి రెండు అంగుళాల ఎత్తులో కోసేసి, కుండీని ఇంట్లో చల్లని చోట పెట్టి, మట్టి ఆరకుండా మాత్రం కొద్దిగా నీళ్లివ్వండి. కొమ్ము గట్టిగా ఉంటే మూడు నాలుగు వారాల్లో చిగురు చుట్టలు లేస్తాయి. పక్షిగూడు ఫెర్న్‌కు నడిమి చిగురు చచ్చిందంటే ఆశ వదులుకోవాల్సిందే.

జూలైలో కుండీ నిండిన నెఫ్రోలెపిస్‌ను పదునైన కత్తితో రెండు మూడు ముక్కలు చేయొచ్చు, ఒక్కో ముక్కకు కనీసం నాలుగు ఆకులు, గుప్పెడు వేళ్లు ఉండాలి. కత్తి పెట్టడం ఇష్టం లేకపోతే కుండీ అంచు దాటి వేలాడే సన్నని నూలు లాంటి తీగలు చూడండి. వాటి కొనను పక్క కుండీలోని తడి మట్టి మీద పెట్టి హెయిర్‌పిన్నుతో గుచ్చితే నెల తిరిగేసరికి పిల్ల మొక్క వేరు పట్టుకుంటుంది. మూడు ఆకులు వేశాక తీగ తెంపండి. ఆగస్టులో తెంపిన పిల్లలకు వచ్చే ఎండకాలం లోపు వేళ్లు పెంచుకోవడానికి ఏడు నెలలు దొరుకుతాయి. అక్టోబరులో తెంపితే ఆ వ్యవధి చాలదు, వాటిని మొదటి వేసవి పెద్ద కుండీల మధ్యలోనే ఉంచండి.